పక్క మార్చుకుంటే మెలకువ వస్తోందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నిద్ర గురించే. ‘ఏ భంగిమలో పడుకోవాలి?’ అని దాదాపు అందరూ అడిగారు. ఏ నొప్పీ లేనివాళ్లు కూడా రాత్రంతా ఒకే భంగిమలో ఉండరు. తెలియకుండానే చాలాసార్లు ఒత్తిగిలుతూ ఉంటారు. నొప్పి ఉన్నవాళ్లకు చిక్కంతా అక్కడే. ఒత్తిగిలితే నొప్పి లేపుతుంది. నొప్పికి భయపడి కదలకుండా పడుకుంటే ఒళ్లు పట్టేసి లేపుతుంది. అందుకే కింది జవాబుల్లో భంగిమ గురించి ఎంత చెప్పామో, కదలడం గురించి అంతకంటే ఎక్కువ చెప్పాం.

ప్రశ్న: నా వయసు 46. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. ఏడాదిగా నడుం నొప్పి. పగలు ఫర్వాలేదు గానీ రాత్రి పక్కకు తిరిగిన ప్రతిసారీ నడుంలో కలుక్కుమని మెలకువ వస్తోంది. పొద్దున లేచాక ఓ పది నిమిషాలు వంగలేను. ఎవరో చెబితే పరుపు తీసేసి చెక్క మీద పడుకుంటున్నా. తగ్గలేదు.

జవాబు: ముందు ఆ చెక్క తీసేయండి. గట్టి పక్క నడుముకు మంచిదన్న నమ్మకం చాలా పాతది, కానీ పరీక్షకు నిలవలేదు. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన స్పెయిన్ పరిశోధనలో, దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందికి గట్టి పరుపులు, మధ్యస్థంగా గట్టిగా ఉండే పరుపులు ఇచ్చి చూశారు. మధ్యస్థమైన పరుపు వాడినవాళ్లకే నొప్పి ఎక్కువగా తగ్గింది. మీ పరుపును ఇంట్లోనే పరీక్షించవచ్చు. వెల్లకిలా పడుకుని నడుం కింద అరచేయి దూర్చండి. చెయ్యి ధారాళంగా అటూ ఇటూ తిరిగితే పక్క మరీ గట్టిది. పిరుదులు గుంటలోకి దిగిపోయి చెయ్యి దూరకపోతే మరీ మెత్తన.

ఇక ఒత్తిగిలడం. మీరు రాసిన ‘కలుక్కు’ ఎక్కువగా వచ్చేది మోకాళ్లు ముందు పడిపోయి భుజాలు వెనకే ఉండిపోయినప్పుడు. అప్పుడు మెలి పడేది నడుమే. కుడివైపు తిరగాలనుకోండి. వెల్లకిలా ఉండి మోకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి మడవండి, పాదాలు పరుపుకు ఆనాలి. పిరుదులు కొద్దిగా ఎత్తి ఒక జానెడు ఎడమకు జరగండి. లేకపోతే తిరిగాక మంచం అంచుకు చేరిపోతారు. ఎడమ చేతిని ఛాతీ మీదుగా కుడివైపు చాచండి. చూపు కుడికి తిప్పండి. ఊపిరి వదులుతూ పొత్తికడుపు కాస్త బిగించి, మోకాళ్లు, భుజం ఒకేసారి కదిలేలా దొర్లండి. ఊపిరి బిగబట్టి మడమతో తన్నడం చాలామంది చేసే పొరపాటు. దాంతో వీపు కండరాలన్నీ ఒక్కసారిగా పట్టేస్తాయి. దీన్ని పగలు పదిసార్లు సాధన చెయ్యండి. సగం నిద్రలో ఉన్న ఒంటికి కొత్త పాఠాలు ఎక్కవు, అలవాటైనదే చేస్తుంది.

పక్కకు తిరిగి పడుకున్నప్పుడు పైకాలు ముందుకు జారి కటిని లాగుతుంది. కాళ్ల మధ్య దిండు పెట్టేది అందుకే. అది మోకాళ్ల దగ్గర మాత్రమే కాదు, చీలమండల దాకా ఉండాలి. పాదం గాల్లో వేలాడితే తొంటి మళ్లీ మెలి తిరుగుతుంది. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద 15 సెం.మీ. ఎత్తు దిండు చాలు.

పడుకునే ముందు 5 నిమిషాలు: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుమును పరుపుకు అదిమి వదలడం 10 సార్లు, మోకాళ్లు రెండూ కలిపి అటూ ఇటూ మెల్లగా ఊపడం ఒక్కో పక్కకు 10 సార్లు, ఒక్కో మోకాలు ఛాతీ వైపు లాక్కుని 20 సెకన్లు ఉంచడం రెండేసి సార్లు. ఈ చివరిది చేస్తే నొప్పి పిరుదులోంచి పిక్కలోకి దిగుతోందా? మానేయండి. కాలిలోని నొప్పి పైకి, నడుం వైపు వెనక్కి వస్తుంటే మంచి గుర్తు. కిందికి పాకుతుంటే ఆ కదలిక మీకు పడదని అర్థం.

ఇవన్నీ ఉపశమనానికి. నొప్పి మళ్లీ మళ్లీ రాకుండా చూసేది పగటి పనే. అరగంటకోసారి కుర్చీలోంచి లేవండి. నడక రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాలతో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ 30 నిమిషాలకు చేర్చండి. 2024లో లాన్సెట్‌లోనే వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో, నడుం నొప్పి తగ్గిన 701 మందిలో కొందరికి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో నడక నేర్పారు, మిగతావారికి ఏ చికిత్సా ఇవ్వలేదు. ఏ చికిత్సా లేనివాళ్లలో నొప్పి తిరగబెట్టడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 112 రోజులు, నడిచినవాళ్లలో 208 రోజులు. నడకకు తోడు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 10 సార్లు, వెల్లకిలా పడుకుని పిరుదులు ఎత్తి దించడం 10 సార్లు, వారానికి మూడు రోజులు చెయ్యండి.

మల మూత్రాల మీద అదుపు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, కాలు బలం తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎటు తిరిగినా మారని రాత్రి నొప్పికి జ్వరమో, కారణం లేకుండా బరువు తగ్గడమో తోడైతే వ్యాయామాలు మొదలుపెట్టకుండా డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: నాకు 26. రోజూ తెల్లవారుజామున 3, 4 గంటలకు నడుం బిగుసుకుపోయి మెలకువ వస్తుంది. లేచి కాసేపు తిరిగితే తగ్గుతుంది. పొద్దున గంటసేపు బిగుతు. ఆదివారం పడుకునే ఉంటే ఇంకా ఎక్కువ. పరుపు మార్చాలా?

జవాబు: పరుపు సంగతి కాదిది. మీ వయసు, తెల్లవారుజామున లేపడం, కదిలితే తగ్గి విశ్రాంతితో పెరగడం, గంటసేపు బిగుతు, ఇవన్నీ కలిపి చూస్తే వెన్ను కీళ్లలో వాపు ఉందేమోనని అనుమానించాలి. కీళ్లవాతం డాక్టరును, అంటే రుమటాలజిస్టును కలవండి. రక్తపరీక్షలు, కటి కీళ్ల ఎంఆర్‌ఐ అవసరమా అన్నది ఆయన చూస్తారు. ఈ జబ్బుల్లో వ్యాయామం చికిత్సలో పెద్ద భాగమే. కానీ మందుల అవసరం తేలకుండా వ్యాయామాలతో నెట్టుకొస్తే ఏళ్లు గడిచిపోతాయి. ఈ లక్షణాలున్న కుర్రాళ్లు ‘కండరాల నొప్పి’ అనుకుని ఆలస్యం చేయడం చూస్తే బాధేస్తుంది. ఈ వారమే వెళ్లండి.

ప్రశ్న: వయసు 54, షుగర్ ఉంది. నాలుగు నెలలుగా కుడి భుజం పట్టేసింది. చెయ్యి వెనక్కి పోదు. రాత్రి నొప్పికి రెండు గంటలు కూడా నిద్ర ఉండటం లేదు. ‘నొప్పి ఓర్చుకుని గట్టిగా సాగదీయాలి, లేకపోతే చెయ్యి ఇలాగే ఉండిపోతుంది’ అంటున్నారు. రోజూ అలాగే చేస్తున్నా. రాత్రులు ఇంకా ఘోరం.

జవాబు: రాత్రులు ఘోరం కావడానికి ఆ సాగదీయడమే కారణం కావచ్చు. మీరు చెప్పేది ఫ్రోజెన్ షోల్డర్‌లా ఉంది, షుగర్ ఉన్నవారిలో ఇది ఎక్కువ. కీలు చుట్టూ ఉండే సంచి వాచి, మెల్లగా ముడుచుకుపోతుంది. మొదటి దశలో నొప్పి, ముఖ్యంగా రాత్రి నొప్పి, ఎక్కువ. తర్వాతి దశలో నొప్పి తగ్గి బిగుతు మిగులుతుంది. ఆ తర్వాత వదులవుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు. మీరింకా నొప్పి దశలో ఉన్నారు. వాచిన సంచిని బలంగా లాగితే వాపు పెరుగుతుంది. సాగదీయాల్సిన కాలం వస్తుంది, అది ఇప్పుడు కాదు.

రాత్రి నొప్పికి ఒక కారణం భుజం వెనక్కి జారడం. వెల్లకిలా పడుకుని గమనించండి: మోచేయి పరుపుకు ఆనేసరికి అది ఛాతీ కంటే కిందికి దిగిపోయి ఉంటుంది. అంటే భుజం ముందు భాగం రాత్రంతా లాగబడుతూనే ఉంటుంది. ఒక తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, భుజం దగ్గర్నుంచి మోచేయి దాకా దండ చెయ్యి కింద ఉంచండి. 5 నుంచి 8 సెం.మీ. ఎత్తు సరిపోతుంది. పక్క నుంచి చూస్తే మోచేయి ఛాతీ మధ్యకు సమానంగా కనిపించాలి. ముంజేయి పొట్ట మీద చిన్న దిండుపై పెట్టుకోండి. ఎడమవైపు తిరిగి పడుకుంటే పెద్ద దిండును కౌగిలించుకుని, కుడిచేయి మోచేయి నుంచి మణికట్టు దాకా దాని మీద ఉంచండి. మణికట్టు దిండు దాటి వేలాడితే ఆ బరువంతా భుజం మీదే పడుతుంది. నిద్రలో కుడివైపు దొర్లకుండా వీపు వెనక మరో దిండు.

వ్యాయామంలో ప్రస్తుతానికి రెండు చాలు. మొదటిది లోలకంలా ఊపడం. ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి నడుం వంచండి, కుడి చెయ్యి తాడులా వేలాడాలి. చేతిని ఊపకండి. మోకాళ్లు కొద్దిగా మడిచి ఒంటినే ముందుకూ వెనక్కూ ఊపండి, చెయ్యి దానంతటదే ఊగుతుంది. ఒక నిమిషం ముందుకూ వెనక్కూ, ఒక నిమిషం పక్కలకు, రోజుకు మూడు నాలుగు సార్లు. భుజం పైభాగాన్ని ఎడమ చేత్తో తాకి చూడండి. కండ గట్టిగా తగిలితే మీరు చేత్తో ఊపుతున్నట్టే. రెండోది: మోచేయి 90 డిగ్రీలు మడిచి, పక్కటెముకలకూ మోచేతికీ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టి, చేతి వెనకభాగంతో గోడను బయటికి నెట్టండి. పూర్తి బలం వద్దు, నాలుగో వంతు చాలు. 10 సెకన్ల చొప్పున 5 సార్లు.

ఎంత చెయ్యాలన్నది ఆ రాత్రి చెబుతుంది. వ్యాయామం తర్వాత నొప్పి అరగంటలో సర్దుకుని, ఆ రాత్రి ఎప్పటికంటే ఎక్కువ లేపకపోతే మోతాదు సరైనది. ఎక్కువ లేపితే మర్నాడు సగానికి తగ్గించండి. గోడను నెట్టే వ్యాయామం పొద్దునకే, రాత్రికి 15 నిమిషాలు వేడి కాపడం, తర్వాత లోలకం. షుగర్ వల్ల చర్మం స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు కాబట్టి వేడిని ముందు ఎడమ చేత్తో పరీక్షించండి.

ఇంత చేసినా రెండు మూడు వారాల్లో నిద్ర మెరుగుపడకపోతే కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి ఎముకల డాక్టరుతో మాట్లాడండి. మొదటి దశలో నొప్పిని కొన్ని వారాల పాటు బాగా తగ్గిస్తుంది. కొద్ది రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే చూసుకోవాలి. నొప్పి తగ్గిన ఆ వారాల్లో ఫిజియోథెరపీ చేయించుకుంటే ప్రయోజనం ఎక్కువ.

ప్రశ్న: మెడ నొప్పికి దిండు ఉండాలా, వద్దా? ఉంటే ఎంత ఎత్తు?

జవాబు: ఉండాలి, కానీ ఎంత ఎత్తన్నది మీ భుజాన్ని బట్టి ఉంటుంది. గోడకు పక్కగా నిలబడి భుజం ఆనించండి, తల నిటారుగా ఉంచండి. చెవికీ గోడకూ మధ్య ఎంత దూరం ఉందో ఇంకొకరిని కొలవమనండి. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు తల బరువుకు అణిగాక దిండు దాదాపు అంత ఎత్తు ఉండాలి. పరుపు మెత్తనిదై భుజం దిగబడితే ఆ మేరకు తగ్గుతుంది. వెల్లకిలా పడుకునేవాళ్లకు ఇంతకంటే తక్కువ చాలు. గడ్డం ఛాతీ వైపు వాలితే ఎక్కువైనట్టు, గడ్డం పైకి లేస్తే తక్కువైనట్టు. దిండు మీద తల, మెడ ఉండాలి, భుజం ఎక్కకూడదు. మెడ కింద ఖాళీ మిగిలితే చేతి తువ్వాలు చుట్టి గలీబులో కింది అంచున దూర్చండి. కొత్త దిండు కొనేకంటే తువ్వాళ్ల మడతలు పెంచుతూ తగ్గిస్తూ వారం రోజులు చూసుకోవడమే మేలు. బోర్లా పడుకుంటే మెడ గంటలకొద్దీ ఒకవైపే తిరిగి ఉంటుంది. మానలేకపోతే ఒక పక్క ఛాతీ, పొట్ట కింద పొడుగు దిండు పెట్టుకోండి. ఒళ్లు సగం పక్కకు తిరిగి మెడ మెలి తగ్గుతుంది.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. అర్ధరాత్రి పిక్కలు పట్టేసి ప్రాణం పోయినట్టవుతుంది. వారానికి నాలుగైదు రాత్రులు ఇదే.

జవాబు: పట్టేసిన క్షణంలో చెయ్యాల్సింది ఒకటే: మోకాలు చాపి పాదాన్ని మీ వైపు లాక్కోండి. అందకపోతే తువ్వాలును పాదానికి వేసి లాగండి, లేదా పట్టుకోవడానికి ఆసరా ఉంటే లేచి మడమ నేలకు ఆనించి నిలబడండి. ఒళ్లు విరుచుకుంటూ కాలివేళ్లు కిందికి చాచకండి. చాలామందికి పట్టేసేది సరిగ్గా అప్పుడే. పిక్క కండ అప్పటికే కురచగా ఉంటుంది, మీరు ఇంకా కుదిస్తున్నారు. బరువైన దుప్పటి పాదాలను కిందికి నొక్కి ఉంచినా ఇదే జరుగుతుంది, కాళ్ల దగ్గర వదులు చెయ్యండి.

రాకుండా ఉండటానికి పడుకోబోయే ముందు సాగదీయడం. గోడకు ఎదురుగా నిలబడి చేతులు ఆనించండి. ఒక కాలు వెనక్కి, మోకాలు నిటారుగా, మడమ నేలకు, పాదం సూటిగా గోడ వైపు. పిక్కలో సాగుతున్నట్టు తెలిసేదాకా ముందుకు వాలి 10 సెకన్లు ఆగండి, 5 సెకన్లు వదలండి, ఇలా మూడుసార్లు, రెండు కాళ్లకూ. తర్వాత మంచం అంచున ఒక కాలు చాపి కూర్చుని వీపు వంచకుండా ముందుకు వాలితే తొడ వెనకభాగం సాగుతుంది. అదీ అంతే. 2012లో వచ్చిన నెదర్లాండ్స్ పరిశోధనలో 55 ఏళ్లు దాటిన 80 మందిలో సగం మంది ఆరు వారాలు పిక్కలు, తొడలు ఇలా సాగదీశారు. చెయ్యనివాళ్లతో పోలిస్తే రాత్రికి సగటున ఒకటి కంటే ఎక్కువ పట్లు తగ్గాయి. పాదం బయటికి తిప్పినా, మడమ లేచినా, ఊపుతూ చేసినా పిక్క సాగదు. ఫలితం లేదనేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పులివే.

ఒంట్లో నీరు పోవడానికి మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, మీరుగా ఆపకండి. ఒకే పిక్క వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే సాగదీయకండి, మర్దన చెయ్యకండి. రక్తం గడ్డ కట్టిందేమో చూపించుకోవాలి. ఇంకో సంగతి: పట్టేయడం కాకుండా, సాయంత్రం నుంచి కాళ్లు కదపకుండా ఉండలేని తపన, లేచి నడిస్తే హాయి అయితే అది వేరే జబ్బు, రెస్ట్‌లెస్ లెగ్స్. దానికి రక్తంలో ఇనుము నిల్వ, అంటే ఫెరిటిన్, పరీక్ష చేయించాలి.

ప్రశ్న: రాత్రి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. మెడలో నరం నొక్కుకుందా?

జవాబు: ఈ మూడు వేళ్లు, విదిలిస్తే తగ్గడం అంటే ముందు మణికట్టును అనుమానించాలి. అక్కడి ఇరుకు సొరంగంలోంచి వెళ్లే నరం, మణికట్టు మడత పడినప్పుడు నలుగుతుంది. నిద్రలో మనం చెయ్యి మడిచి గడ్డం కిందో, దిండు కిందో పెట్టుకుంటాం. రాత్రిపూట స్ప్లింట్, అంటే మణికట్టు వంగకుండా పట్టి ఉంచే కట్టు, వేసుకుంటే మణికట్టు తిన్నగా ఉంటుంది. కనీసం ఆరు వారాలు, ప్రతి రాత్రీ. రెడీమేడ్ స్ప్లింట్లతో ఒక చిక్కుంది. చాలావాటిలో లోపలి లోహపు పట్టీ మణికట్టును వెనక్కి వంచేలా ఉంటుంది. వెనక్కి వంగినా సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. పట్టీ బయటికి లాగి తిన్నగా చేసి మళ్లీ దూర్చండి. అరచేతి మడత దగ్గరే స్ప్లింట్ ఆగాలి, వేళ్లు పూర్తిగా మడవగలగాలి. బిగుతుగా కట్టుకుంటే అదే తిమ్మిరి తెస్తుంది.

తిమ్మిరి చిటికెన వేలు వైపు ఉంటే మోచేతి నరం. అప్పుడు మోచేయి మడవకుండా తువ్వాలు చుట్టుకుని పడుకోవాలి. బొటనవేలి మొదట్లో కండ పల్చబడుతున్నా, వస్తువులు జారిపోతున్నా ఆగకుండా నరాల పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్, షుగర్ కూడా చూపించుకోవడం మంచిది.

ప్రశ్న: నాకే నొప్పీ లేదు. వయసు 39. పడుకుంటే ఒంటిగంట దాకా నిద్ర రాదు. అలసిపోతే నిద్ర వస్తుందని రాత్రి పదింటికి జిమ్‌కు వెళ్తున్నా. లాభం లేదు. ఫిజియోథెరపీ ఏమైనా చేస్తుందా?

జవాబు: చేస్తుంది, కానీ మొదటి చికిత్స అది కాదు. నెలల తరబడి నిద్ర పట్టకపోతే నిద్రలేమికి ప్రత్యేకంగా రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని, అంటే నిద్ర గురించిన ఆలోచనలు, అలవాట్లు మార్చే చికిత్సను, ముందు ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. అందులోని రెండు నియమాలు ఇవాళే మొదలుపెట్టవచ్చు. ఎప్పుడు నిద్ర పట్టినా పొద్దున ఒకే వేళకు లేవడం. పడుకుని దాదాపు 20 నిమిషాలైనా పట్టకపోతే, గడియారం చూడకుండా, లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చుని నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి రావడం.

జిమ్ మానక్కర్లేదు, వేళ మార్చండి. ఆయాసం వచ్చే వ్యాయామం ముగిశాక గుండె వేగం, ఒంటి వేడి దిగడానికి సమయం కావాలి. పడుకోవడానికి రెండు గంటల ముందే ముగించండి. మామూలు నడక, తేలికపాటి సాగదీతలు సాయంత్రం చేసినా ఇబ్బంది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం. నిద్రకూ ఆ దారి చాలు. ఒక్క రోజు అలిసిపోతే వచ్చే నిద్ర కాదిది, కొన్ని వారాలు ఆగి చూడాలి.

ఒంటి బిగువు వదిలించే పద్ధతి ఒకటి నేర్చుకోండి. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ 20వ శతాబ్దం మొదటి సగంలో రూపొందించిన కండర విశ్రాంతి సాధన ఇది. వెల్లకిలా పడుకుని పాదాలతో మొదలుపెట్టండి. పాదాలను మీ వైపు వంచి 5 సెకన్లు బిగించండి, ఒక్కసారిగా వదిలేసి 20 సెకన్లు ఏమీ చెయ్యకుండా ఆ వదులును గమనించండి. తర్వాత తొడలు, పిరుదులు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు చెవుల దాకా, చివరికి నుదురు, దవడ. ఒక్కోటి రెండుసార్లు, మొత్తం దాదాపు 7 నిమిషాలు. బిగింపు సగం బలంతోనే ఉండాలి. పళ్లు కొరుకుతూ బిగిస్తే పిక్కలు పట్టేస్తాయి, గుండె దడ పెరుగుతుంది. పని చేసేది బిగించడం కాదు, తర్వాతి 20 సెకన్లు. తొందరలో చాలామంది వాటినే కోసేస్తారు. దీనికి తోడు 4 లెక్కపెట్టేంతసేపు ముక్కుతో తీసుకుని, 6 లెక్కపెట్టేంతసేపు వదిలే శ్వాస 5 నిమిషాలు. గాలి ఎక్కువెక్కువగా పీల్చకండి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలిపోతుంది, వేళ్లు చిమచిమలాడతాయి.

మొదటి రెండు వారాలు దీన్ని పగలే సాధన చెయ్యండి. రాత్రి మంచం మీద మొదలుపెట్టి ‘నిద్ర వచ్చిందా, ఇంకా రాలేదా’ అని చూసుకుంటుంటే అదో కొత్త పరీక్ష అవుతుంది.

ప్రశ్న: మావారు గట్టిగా గురక పెడతారు, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంది. గొంతు వ్యాయామాలతో పోతుందని విన్నాను.

జవాబు: ఊపిరి ఆగుతోందంటే ముందు నిద్ర పరీక్ష చేయించండి. స్లీప్ ఆప్నియా కావచ్చు. గొంతు వ్యాయామాలకు ఆధారం లేకపోలేదు. 2009లో బ్రెజిల్ పరిశోధకులు మధ్యస్థ ఆప్నియా ఉన్న 31 మందిపై పరీక్షించారు. మూడు నెలలు రోజూ అరగంట నాలుక, అంగిలి, బుగ్గల వ్యాయామాలు చేసినవారిలో గంటకు సుమారు 22 సార్లు శ్వాస అడ్డుపడేది 14కు తగ్గింది. తగ్గింది, పోలేదు. కాబట్టి నిద్రలో గొంతు మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ యంత్రం డాక్టరు ఇస్తే దానికి తోడుగానే ఇవి చెయ్యాలి, దాని బదులుగా కాదు. నాలుక మొత్తం అంగిలికి అతికించి పీల్చి పట్టడం, నాలుక కొనను పై పళ్ల వెనక నుంచి అంగిలి మీదుగా వెనక్కి జరపడం ఇరవయ్యేసి సార్లు చెయ్యవచ్చు. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది, పక్కకు తిరిగి పడుకోవాలి. తల ఎత్తు కావాలంటే మంచం తలవైపు కాళ్ల కింద 15 సెం.మీ. దిమ్మలు పెట్టండి. దిండ్లు పేరిస్తే మెడ ముందుకు వంగి గొంతు ఇంకా ఇరుకవుతుంది.

ప్రశ్న: మంచం మీద కుడివైపు ఒత్తిగిలగానే గది గిర్రున తిరుగుతుంది. అర నిమిషంలో ఆగుతుంది. భయంతో రాత్రంతా కదలకుండా కూర్చుని నిద్రపోతున్నా.

జవాబు: మీ భయం అర్థమవుతోంది, కానీ ఇది త్వరగా తగ్గే జబ్బుల్లో ఒకటి. లోపలి చెవిలో ఉండాల్సిన చోటు నుంచి సన్నని కాల్షియం రేణువులు జారి పక్కనున్న అర్ధచంద్రాకార నాళంలోకి చేరితే, తల కదిపినప్పుడల్లా ఇలా తిరుగుతుంది. బీపీపీవీ అంటారు. తలను ఒక క్రమంలో తిప్పుతూ, ఒక్కో స్థితిలో అర నిమిషం నుంచి నిమిషం ఆగుతూ ఆ రేణువులను వెనక్కి పంపే ఎప్లీ విధానం ఉంది. చాలామందికి ఒకటి రెండు సిటింగులతో తగ్గుతుంది. వీడియో చూసి సొంతంగా చెయ్యకండి. ఏ చెవి, ఏ నాళం అన్నది కళ్ల కదలికలు చూసి తేల్చాలి. నాళం వేరైతే తిప్పే పద్ధతీ వేరు. వెస్టిబ్యులర్, అంటే లోపలి చెవికి సంబంధించిన తల తిరుగుడు, సమస్యల్లో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు గానీ చెవి డాక్టరు గానీ చూడాలి. మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, నడవలేకపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి తోడైతే ఇది బీపీపీవీ అనుకోకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

ప్రశ్న: నాన్నగారికి 72 ఏళ్లు, పార్కిన్సన్స్ ఉంది. రాత్రి పక్కకు తిరగలేరు. అమ్మ నాలుగైదుసార్లు లేచి తిప్పుతుంది. ఇద్దరికీ నిద్ర లేదు. అమ్మకు కూడా నడుం నొప్పి మొదలైంది.

జవాబు: ముందు పక్కబట్టలు మార్చండి. మామూలు నూలు దుప్పటి ఒంటిని పట్టేస్తుంది. మంచం మధ్యలో, భుజాల నుంచి తొడల దాకా, నున్నటి సాటిన్ గుడ్డ అడ్డంగా పరిచి రెండు పక్కలా పరుపు కిందికి దోపండి. పాదాల దగ్గర నూలు దుప్పటే ఉంచండి, మడమలకు పట్టు కావాలి. పక్కమీదా, ఒంటిమీదా రెండూ సాటిన్ అయితే మంచం మీంచి జారిపోయే ప్రమాదం ఉంది. బరువైన రగ్గు తీసేసి తేలికైనది కప్పండి.

తిరగడాన్ని ముక్కలుగా నేర్పండి, పైకి లెక్కపెడుతూ. ‘ఒకటి’ అంటే మోకాళ్లు మడవాలి. ‘రెండు’ అంటే రెండు చేతులూ కలిపి కప్పు వైపు ఎత్తాలి. ‘మూడు’ అంటే తిరగాల్సిన వైపు చూస్తూ చేతులు, మోకాళ్లు కలిపి ఆ వైపు పడేయాలి. ఈ జబ్బులో అలవాటు కదలికలు వాటంతటవి మొదలుకావు, పైకి చెప్పుకునే లెక్క ఆ పనికి సాయపడుతుంది. మందు బాగా పనిచేస్తున్న వేళ, అదే మంచం మీద, రోజుకు పదిసార్లు సాధన చేయించండి.

అమ్మ చెయ్యి పట్టి లాగకూడదు. ఆయన భుజమూ పాడవుతుంది, ఆవిడ నడుమూ పాడవుతుంది. తిరగాల్సిన వైపే నిలబడి, మంచానికి దగ్గరగా ఒక కాలు ముందుకు పెట్టి, ఒక అరచేయి ఆయన భుజపు రెక్క వెనక, ఇంకోటి తొంటి వెనక ఉంచి, లెక్క ‘మూడు’కు రాగానే తన ఒంటి బరువును వెనక కాలి మీదికి మార్చాలి. మోకాళ్లు ముందే మడిచి ఉంటే చాలా కొద్ది బలమే పడుతుంది.

మంచం ఎత్తు కూడా చూడండి. అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆని, మోకాళ్లు తొంటి కంటే కాస్త దిగువన ఉండాలి. లేచేటప్పుడు ఒకటి రెండు నిమిషాలు కూర్చున్నాకే నిలబడాలి, బీపీ పడిపోయి తూలవచ్చు. రాత్రంతా బిగుసుకుపోతుంటే పడుకునే ముందు వేసే మందు మోతాదు గురించి న్యూరాలజిస్టుతో మాట్లాడండి. నిద్రలో అరవడం, తన్నడం ఉంటే అదీ చెప్పండి. అలాంటిదేమైనా ఉంటే మంచం పక్కన పదునైన అంచులున్న బల్లలు తీసేసి, కింద మెత్తటి పరుపు వేసి ఉంచండి.